వార్తల్లో పదం: హెచ్‌ఈవీసీ

వీడియోను కుదించే కోడెక్‌లలో ఒకటి హెచ్‌ఈవీసీ. హెచ్.265 అన్నా ఇదే; 2013లో ప్రమాణంగా ఆమోదం పొందింది. ఎంపీ4 వేరు: అది కుదించిన బొమ్మనూ శబ్దాన్నీ కలిపి ఉంచే సంచి మాత్రమే. ఫైలు పేరు చివర ఎంపీ4 అని మార్చినంత మాత్రాన సైజు తగ్గదు.

ఆర్మూరు ప్రాంతంలో కల్లంలో ఆరబోసిన పసుపును ఫోను కదలకుండా తీశారనుకుందాం. నేల, కుప్ప ప్రతి ఫ్రేములోనూ అలాగే ఉంటాయి. కోడెక్ వాటిని మళ్లీ మళ్లీ రాయదు; కొమ్ములను తిరగేసే చేతి కదలికనే ప్రధానంగా నమోదు చేస్తుంది. ఫోను ఊగితే ఈ పొదుపు తగ్గిపోతుంది.

2003 నాటి హెచ్.264 కోడెక్‌తో పోలిస్తే హెచ్‌ఈవీసీకి దాదాపు సగం చోటు చాలు. ఐఫోన్‌లో సెకనుకు 30 ఫ్రేముల 1080పీ వీడియో నిమిషానికి సుమారు 130 ఎంబీ బదులు 60 ఎంబీ పడుతుంది. పాత ఫోన్లు కొన్ని దీన్ని తెరవలేవు. కుదింపులో పోయిన వివరం తిరిగి రాదు; సరుకు రంగు, నాణ్యత చూపాల్సిన అసలు ఫైలును విడిగా దాచుకోవాలి.