పందెమునకు ముందు ఏడు దినములు

ఈత, సైకిలు, పరుగు - ఈ మూడింటిని ఒకదాని వెంట ఒకటిగా పూర్తిచేసే పందెమునకు ట్రయథ్లాన్ అని పేరు. 1978లో హవాయి దీవులలో ‘ఐరన్‌మ్యాన్’ అను పేరుతో దీనిని మొదటిసారి పెట్టినప్పుడు బయలుదేరినవారు 15 మంది, చివరిదాకా చేరినవారు 12 మంది. మన దేశములో 2019 అక్టోబరు 20న గోవాలోని మిరామార్ తీరమున అందులో సగము దూరపు పందెము జరిగినది. సముద్రములో 1.9 కిలోమీటర్ల ఈత, 90 కిలోమీటర్ల సైకిలు, ఆపైన 21.1 కిలోమీటర్ల పరుగు. హైదరాబాదు వంటి నగరములలో ఉద్యోగములు చేసికొనుచున్న మన పిల్లలు కూడ ఇటువంటి పందెములలో దిగుచున్నారు. చెరువులో ఈదినవాడే, బడికి సైకిలు తొక్కినవాడే గదా అని తల్లిదండ్రులు ధైర్యము చెప్పుకొన్నా, చివరి వారము వచ్చేసరికి ఇంటిల్లిపాదికీ గుబులే. ఆ వారము గురించే ఇక్కడ వ్రాయుచున్నాము.

బండలాగుడు పందెమునకు గిత్తలను తయారు చేసిన రైతును అడిగి చూడండి. పందెము రేపనగా ఎడ్లను దుక్కికి కట్టడు. ఉలవలు పెట్టి, నీడన కట్టి ఉంచుతాడు. మనిషి శరీరమునకును అదే న్యాయము. చివరి ఏడు దినములలో ఎంత శ్రమపడినా కొత్త బలము రాదు, ఉన్న బలము అలసిపోవును. కాబట్టి సాధనను సగమునకో అంతకన్న తక్కువకో దించవలెను. అయితే పూర్తిగా మానరాదు. దూరము తగ్గించి, కొద్దిసేపు మాత్రము పందెపు వేగముతోనే తొక్కుచు, పరుగెత్తుచు ఉండవలెను. పని తగ్గగానే కాళ్లు బరువెక్కినట్లు, లేని నొప్పులు వచ్చినట్లు అనిపించును. కండరములలో చక్కెర నిల్వ చేరునప్పుడు దానితో నీరు కూడ చేరును గనుక, కిలో బరువు పెరిగినా ఆశ్చర్యము లేదు. దీనికి భయపడి ఒక్కసారి పరీక్షించుకుందామని గురువారమునాడు 60 కిలోమీటర్లు తొక్కి వచ్చేవారున్నారు. అది మంచి పని కాదు.

తిండి సంగతి తల్లులకు ప్రియమైనది. బిడ్డ వచ్చెనని కోడి కోయడము, నేతి అరిసెలు వండడము సహజమే గాని, ఈ వారము కాదు. చివరి రెండు దినములు 60 కిలోల మనిషికి రోజుకు 600 గ్రాముల పిండిపదార్థము కావలెను. అన్నము, ఇడ్లీ, అరటిపండు, బెల్లము వీటితోనే అది సమకూరును. పందెము ముందు రోజు పప్పులు, ఆకుకూరలు, ఊరగాయలు, వేపుళ్లు తగ్గించితే కడుపు తేలికగా ఉండును. హోటలులో కొత్త వంటకము రుచి చూడవలెనన్న కోరికను మరునాటికి వాయిదా వేయవచ్చును.

నీటి విషయములో ఒక పొరపాటు అభిప్రాయమున్నది. ఎంత ఎక్కువ త్రాగితే అంత మేలనుకొని ఉత్త నీరే అదేపనిగా త్రాగితే రక్తములో ఉప్పు పలుచబడి, వాంతులు, మైకము, ఒక్కోసారి మూర్ఛ కూడ రావచ్చును. దాహమునకు తగినంత, ఉప్పుతో కలిపి త్రాగుట మేలు. ఒళ్లు నొప్పులని ముందుగానే ఐబూప్రోఫెన్ బిళ్లలు మింగుటయు మూత్రపిండములకు చేటు.

సైకిలును విమానములోనో రైలులోనో పంపునప్పుడు పెడళ్లు ఊడదీసి, హ్యాండిలు త్రిప్పి కట్టుదురు. తిరిగి బిగించిన తరువాత బ్రేకులు, గేర్లు చూచుకొని అరగంటైనా తొక్కవలెను. హెల్మెట్ పట్టీ బిగించిన తరువాతనే సైకిలును తీయవలెనన్నది నియమము. తడి చేతులతో ఆ తొందరలో మరచిపోకుండ, ఇంటి వాకిట్లోనే నాలుగుసార్లు అలవాటు చేసికొనుట మంచిది. ముందు రాత్రి నిద్ర పట్టకపోయినా దిగులు వద్దు. అంతకు ముందటి రాత్రులు బాగుగా నిద్రపోయిన చాలు.

అన్నిటికన్న కష్టమైన మాట ఒకటున్నది. జ్వరము వస్తే మానుకోవలెను. రుసుము కట్టితిమి, టిక్కెట్లు కొంటిమి, ఆఫీసులో సెలవు పెట్టితిమి, స్నేహితులందరికీ చెప్పితిమి - ఇవన్నియు నిజమే. అయినను జ్వరముతో శ్రమించిన గుండె కండరము వాచి ప్రాణము మీదికి రావచ్చును. అప్పుడు "మానుకో నాయనా, వచ్చే ఏడు చూద్దాము" అని చెప్పగలిగినవారు ఇంటివారే. నడివయసువారు బయలుదేరుటకు కొన్ని వారముల ముందే వైద్యునిచేత గుండె పరీక్ష చేయించుకొనుట అవసరమని మా అభిప్రాయము. ఎందుకనగా ఈ పందెములలో సంభవించిన మరణములలో ఎక్కువ భాగము ఈతలోనే జరిగినవి.

కాబట్టి సముద్రమును ముందుగానే, తోడుతో, నిర్వాహకులు అనుమతించిన వేళలో ఒక్కసారి దిగి చూడవలెను. బావిలో, చెరువులో ఈదినవానికి అలలు, ఉప్పునీరు కొత్త. పందెమునాడు గుంపు నడుమ ఊపిరి ఆడనట్లుంటే వెల్లకిలా తిరిగి చేయి పైకెత్తవలెను. కాపలా పడవవారు దగ్గరకు వచ్చెదరు. ఆ పడవను పట్టుకొని, ముందుకు జరుగకుండా ఊపిరి కుదుటపడేవరకు ఆగినచో పందెమునుండి తొలగింపరు. మరల ఈదుకొనుచు సాగిపోవచ్చును.