ఒకే బాట, రెండు యాత్రలు

న్యూజీలండు దక్షిణ ద్వీపమునకు నైరుతి మూలలో ఫియర్డ్‌లాండ్ అను పర్వత ప్రాంతము కలదు. పూర్వము హిమానీనదములు ఇచటి కొండలను లోతుగా తొలిచినవి. మంచు తగ్గిన పిదప కొన్ని లోయలలో సముద్రము ప్రవేశించినది. కొన్నింట సరస్సులు నిలిచినవి. 1952లో ఈ ప్రాంతము జాతీయ వనమైనది. ఇందలి టె అనౌ సరస్సు కొస నుండి మిల్‌ఫర్డ్ సౌండ్ అను సముద్రపు పాయ దాపు వరకు 53.5 కిలోమీటర్ల కాలిబాట ఒకటి సాగుచున్నది. వీపున సంచి కట్టుకొని నడచువారికి ఇది జగత్ప్రసిద్ధము.

ఈ బాటపై రెండు విధములుగ నడువవచ్చును. మార్గదర్శుల వెంట బృందముగా నడచుట ఒకటి. ఎవరికి వారు నడచుట రెండవది. నేడు రెండును సహజముగ తోచును గాని, రెండవది చాల కాలము వరకు లేదు.

పచ్చరాతిని వెదకుచు మావోరీలు ఈ ప్రాంతమున సంచరించుట పూర్వము నుండి కలదు. 1880లో డొనాల్డ్ సదర్లాండ్ అను అన్వేషకుడు 580 మీటర్ల నుండి మూడు అంచెలుగా దుముకు జలపాతమును చూచెను. అది నేటికిని ఆయన పేరనే పిలువబడుచున్నది. 1888లో క్వింటిన్ మకినన్ కొండలను దాటు కనుమను కనుగొని, తానే తొలి మార్గదర్శియై యాత్రికులను నడిపించెను. ఆయన కాల్చిపెట్టిన ‘పొంపొలోనా’ అను రొట్టె పేరు ఇప్పటికిని ఒక విడిదికి నిలిచియున్నది. 1892లో ఆయన టె అనౌ సరస్సులోనే మరణించెను.

తరువాతి కాలమున బాట ప్రభుత్వ పర్యాటక సంస్థల చేతిలోనికి వచ్చినది. రుసుము చెల్లించి వారి బృందములో చేరినవారికే ప్రవేశము. ‘కొండలు జాతి సొత్తు గదా, నడచుటకు శక్తిగలవానికి అడ్డేల?’ అను ప్రశ్న బయలుదేరినది. 1964లో ఒటాగో ట్రాంపింగ్ క్లబ్బు సభ్యులు ఈ నిబంధనను నిరసించుచు సొంతముగా ఆ దారిన నడచిరి. దాని ఫలితముగా 1966 నుండి స్వతంత్ర యాత్రికులకు వేరు బసలు ఏర్పడినవి.

నేటి పద్ధతి ఇట్లున్నది. అక్టోబరు చివర నుండి ఏప్రిల్ వరకు, అనగా అచటి వసంతము మొదలు శరత్తు వరకు, యాత్రాకాలము. అందరును ఒకే దిశగా నడువవలెను. సొంతముగా నడచువారు రోజునకు నలుబదిమందికి మించరాదు. గుడారము వేయుట నిషిద్ధము. ముందుగా చోటు నిర్ణయించుకొనిన మూడు బసలలో మూడు రాత్రులు గడపవలెను. అచట పడుకొను బల్లలు, వంటకు గ్యాసు పొయ్యిలు ఉండును. పరుపు సంచి, ఆహారము, వంట పాత్రలు మాత్రము మోసికొని పోవలసినదే. బృందయాత్రికులకు వేరు విడుదులలో వండిన భోజనము, వేడినీటి స్నానము, మెత్తని పడక లభించును. వారి సంచిలో దుస్తులు, వానకోటు, మధ్యాహ్న ఫలహారము ఉన్న చాలును. ఖర్చు మాత్రము అనేక రెట్లు అధికము.

అయితే మార్గదర్శి వీపు బరువును తగ్గించునే గాని, కాళ్ల శ్రమను తగ్గింపలేడు. మూడవనాడు సుమారు 1,150 మీటర్ల ఎత్తుగల కనుమను ఎక్కి, ఆవలి వైపున రాళ్లబాట వెంట దిగవలెను. మిల్‌ఫర్డ్ సౌండ్‌లో ఏటా 6,000 మిల్లీమీటర్లకు మించి వాన కురియును. సాండ్‌ఫ్లై అను చిన్న ఈగలు ధనికుని, పేదను ఒక్క తీరుగనే కుట్టును. బాట ముగియు రేవునకు వాటి పేరే పెట్టినారు.

మార్గదర్శి వలన కలుగు నిజమైన మేలు వేరొకటి కలదు. అచట వాన పట్టినచో కొండవాగులు కొన్ని గంటలలోనే పొంగును; యాత్రాకాలపు ఆరంభమున మంచుచరియలు జారు భయముండును. 2020 ఫిబ్రవరి వరదలకు ఈ బాట చాల చోట్ల దెబ్బతినినది. ఎప్పుడు నడువవలెనో, ఎప్పుడు ఆగవలెనో ఎరిగినవాడు తోడుండుట కొండలకు కొత్తవారికి గొప్ప అండ. సొంతముగా పోవువారు ఆ వివేకమును తామే సంపాదించుకొనవలెను. బసలలోని వనపాలకులు వాతావరణమును తెలిపి హెచ్చరింతురు. ఆ మాట వినక ముందునకు సాగుట ధైర్యము కాదు.

కావున వానలో బరువుతో రోజంతయు నడచు అలవాటు గలవారు స్వతంత్రముగా పోవచ్చును. అలవాటు లేనివారు, ఖర్చు భరింపగలిగినచో, బృందముతో పోవుట మేలు. ఏ విధముగ పోయినను, చూచు జలపాతము ఒక్కటే, ఎక్కు కనుమ ఒక్కటే. 1964లో నడచినవారు కోరినది ఎంచుకొను స్వేచ్ఛను మాత్రమే. మార్గదర్శులను తొలగింపుడని వారు కోరలేదు. ఆ ఎంపిక నేడు యాత్రికుని చేతిలో నున్నది.