పాత ఆంప్లిఫైయర్‌ను పాత సామాన్లవాడికి ఇచ్చే ముందు

ఫెస్టివల్ అడ్వాన్సుకు ఇంకొంత కలిపి ఒక మంచి ఆంప్లిఫైయర్, జత స్పీకర్లు, సీడీ ప్లేయర్ కొనుక్కున్న కుటుంబాలు మన బ్యాంకులో తక్కువేమీ కాదు. ఇప్పుడా ప్లేయర్ సీడీ పెడితే చదవడం లేదు. పిల్లలేమో మొత్తం తీసేసి సౌండ్‌బార్ కొందామంటున్నారు. ఆ తొందర అవసరం లేదు. సీడీ ప్లేయర్లలో ముందుగా అరిగేవి కదిలే భాగాలు, లేజర్. ఆంప్లిఫైయర్, స్పీకర్లు చాలా ఇళ్లలో ఇంకా బాగానే పనిచేస్తుంటాయి.

సీడీలో ఉండేది పాట కాదు, అంకెలు. ధ్వనిని సెకనుకు 44,100 సార్లు కొలిచి, ఒక్కో కొలతను 16 బిట్లలో రాసిపెడతారు. మనిషి చెవికి వినిపించేది దాదాపు 20,000 హెర్ట్‌జ్ వరకే; దానికి రెట్టింపు కంటే కాస్త ఎక్కువసార్లు కొలిస్తే చాలు. కానీ స్పీకర్‌కు అంకెలు తెలియవు. వాటిని మళ్లీ విద్యుత్ తరంగంగా మార్చే పని ‘డ్యాక్’ది. పాత ప్లేయర్‌లో అది లోపలే ఉండేది. ఇప్పుడు అరచేతిలో పట్టే పెట్టెగా విడిగా దొరుకుతోంది. ఆ ఒక్కటి కొంటే పాత ఆంప్లిఫైయర్‌కు ఫోను, టీవీ, కంప్యూటర్ అన్నీ కలుస్తాయి.

కలపడంలో రెండు చోట్ల జాగ్రత్త. డ్యాక్ నుంచి వచ్చే ఎరుపు, తెలుపు వైర్లను ఆంప్లిఫైయర్ వెనక ‘సీడీ’ లేదా ‘ఆక్స్’ అని రాసి ఉన్న చోట గుచ్చాలి. ‘ఫోనో’ అన్నచోట కాదు. అది రికార్డు ప్లేయర్ కోసం. చిన్న సిగ్నల్‌ను బాగా పెంచుతుంది కాబట్టి శబ్దం పగిలిపోతుంది. టీవీ నుంచి ఆప్టికల్ వైరు తీసుకుంటే, టీవీ సెట్టింగుల్లో డిజిటల్ సౌండ్‌ను ‘పీసీఎం’కు మార్చాలి. లేకపోతే డాల్బీ సిగ్నల్ వచ్చినప్పుడు మామూలు డ్యాక్ మూగబోతుంది, మనం పెట్టె పాడైందని షాపుకు పరుగెత్తుతాం!

బ్లూటూత్ సుఖమే, కాకపోతే మామూలుగా పాటను కుదించి పంపుతుంది. శ్రద్ధగా వినాలనుకున్నప్పుడు వైరే మేలు. 24 బిట్లు, 192 కిలోహెర్ట్‌జ్ అంటూ షాపువాళ్లు చెప్పే లెక్కలకు ఎక్కువ డబ్బు పెట్టనక్కర్లేదని నా అభిప్రాయం. 16 బిట్లే సుమారు 96 డెసిబెల్స్ వ్యాప్తి ఇస్తాయి. పైన ఫ్యాను, బయట కూరగాయల బండి మైకు ఉన్న మన హాల్లో అంతకు మించిన నిశ్శబ్దం ఎక్కడుంది? వేల రూపాయల డిజిటల్ కేబుల్ కూడా అంతే. ఆ డబ్బు స్పీకర్ల మరమ్మతుకు పెట్టండి. కోను చుట్టూ ఉండే ఫోమ్ పొడిపొడిగా రాలుతుంటే మార్పించుకోవచ్చు.

అన్నిటికంటే తొందరగా చేయాల్సిన పని మరొకటుంది. సినిమా పాటల సీడీ పోతే మళ్లీ దొరకవచ్చు. తాతగారి హరికథ, అమ్మాయి అరంగేట్రం, పెళ్లినాటి నాదస్వరం ఎవరో కంప్యూటర్‌లో కాపీ చేసిచ్చిన సీడీలో ఉంటే, అది పోతే పోయినట్టే. అలాంటి సీడీల్లో సమాచారం ఒక రంగు పొరలో ఉంటుంది. వేడికి, వెలుగుకు ఆ పొర క్షీణిస్తుంది. వాటిని ముందు కాపీ చేయండి. ‘ఎగ్జాక్ట్ ఆడియో కాపీ’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ గీతలున్న చోట మళ్లీ మళ్లీ చదివి సరిచూస్తుంది, మన క్యాషియర్ కట్టను రెండోసారి లెక్కపెట్టినట్టు. ఎంపీ3లో కాక ‘ఫ్లాక్’లో దాచండి. ఎంపీ3 కొంత సమాచారాన్ని పారేస్తుంది, పోయింది తిరిగి రాదు. ఫ్లాక్‌లో ఒక్క బిట్టూ పోదు. ఒక్కో సీడీకి 300 ఎంబీ అనుకున్నా, 500 జీబీ డిస్కులో వెయ్యికి పైగా పడతాయి. రెండు కాపీలు చేసి, ఒకటి పిల్లల ఇంట్లో ఉంచండి.

ల్యాప్‌టాప్‌లో డ్రైవు లేకపోతే యూఎస్‌బీతో పెట్టుకునేది విడిగా దొరుకుతుంది. ఇక ఆ సీడీల మీద బాల్ పెన్నుతో పేర్లు రాయకండి; సమాచారపు పొర ఉండేది పేరు రాసే వైపే, దాదాపు పైనే.