రెక్కల ధర రెండొందల గుడ్లు

వరి దుబ్బు మొదట్లో, నీటికి కాస్త పైన గుంపుగా చేరి రసం పీల్చే సుడిదోమ ఆడపురుగులు రెండు రకాలు. పొడవు రెక్కలది ఎగరగలదు, సుమారు 100 గుడ్లు పెడుతుంది. పొట్టి రెక్కలది ఎగరలేదు, కానీ 300 నుంచి 350 దాకా పెడుతుంది. పైగా గుడ్లు పెట్టడం ముందే మొదలుపెడుతుంది.

కాగితం మీద లెక్క వేద్దాం. గుడ్లలో సగం ఆడవి, అన్నీ బతికాయి, కూతుళ్లదీ తల్లి రకమే అనుకుంటే, రెండో తరంలో పొడవు రెక్కల వంశానికి 5,000 గుడ్లు, పొట్టి రెక్కల వంశానికి 45,000. మూడింతల తేడా తొమ్మిదింతలైంది. పొలంలో సాలీళ్లు అన్నిటినీ బతకనివ్వవనుకోండి.

ఇంత నష్టమెందుకంటే, ఎగిరే కండరాలను పెంచాలి, పోషించాలి, ఇంధనంగా కొవ్వు దాచాలి. అమెరికా ఆగ్నేయ తీరంలోని ఇసుక కీచురాళ్ల మీద శాస్త్రవేత్తలు ఆంథొనీ జెరా, డెరెక్ రాఫ్ ఏళ్ల తరబడి చేసిన పనిలో ఇది కళ్లకు కట్టింది. పొడవు రెక్కల కీచురాయిలో ఎగిరే కండరం గులాబీ రంగులో బలంగా ఉంటుంది, అండాశయం చిన్నది. పొట్టిదానిలో కండరం తెల్లగా, పలచగా; అండాశయం నిండుగా. ఈ రెక్కల తేడాకు వారసత్వ వాటా సుమారు 65 శాతం. అంటే ఒక్కో కీచురాయి రెక్కలో 65 శాతం జన్యువులదని కాదు. గుంపులో కనిపించే తేడాల్లో అంత వాటా జన్యు తేడాలదని.

సుడిదోమలో మీట మరో చోట ఉంది. 2015లో చైనా శాస్త్రవేత్తలు రెండు ఇన్సులిన్ గ్రాహకాలను పట్టుకున్నారు. మొదటిది పనిచేస్తే పొడవు రెక్కలు వస్తాయి. రెండోది దాన్ని అణచితే పొట్టివి. 2018లో మరో సంగతి తేలింది: ముదిరిన వరిలో గ్లూకోజ్ పెరిగితే పొడవు రెక్కలవి ఎక్కువవుతాయి. తిండి తీరేలోపు బయల్దేరాలిగా!

ఎగరడం ఉత్త దండగే అయితే పొడవు రెక్కలు ఎప్పుడో పోయేవి. జపాన్ చలికాలాన్ని ఈ పురుగు తట్టుకోలేదు. ఏటా సముద్రం దాటి కొత్తగా రావాల్సిందే. 1967 జులైలో జపాన్‌కు సుమారు 500 కిలోమీటర్ల దక్షిణాన, నడిసముద్రంలో వాతావరణ నౌక మీద దోమల గుంపులు వాలాయి. జపాన్‌లో 1732 నాటి కరువుకూ ఇలాంటి దోమలే ప్రధాన కారణమంటారు.

మన రైతుకు ఇందులో పనికొచ్చేది ఒకటుంది. దీపపు ఎరకు పడేవి ఎగరగలిగినవే. వలస మొదలైందని అవి చెబుతాయి, అంతవరకే. గుడ్లతో బరువెక్కిన పొట్టి రెక్కలది దీపం దగ్గరికి రానే రాదు. దాన్ని లెక్కపెట్టాలంటే చేలోకి దిగి, దుబ్బులు వంచి మొదళ్లు చూడాలి. ఈనిక దశలో దుబ్బుకు 20 నుంచి 25 పురుగులుంటే మందు విషయం ఆలోచించాలి. వాటిలో పొట్టి రెక్కల ఆడవి ఎన్నో కూడా చూడాలని నా మాట.