మేస్త్రీ పోయి మేనేజరు వచ్చాడు

కార్తీకమాసం వచ్చిందంటే బెళుగుప్ప చేలల్లో చెనిక్కాయ పెరికే రోజులు. తెల్లవారకముందే సద్దిమూటలు పట్టుకుని ఆడవాళ్ళ గుంపులు బయలుదేరుతాయి. గుంపుకు ఒక మేస్త్రీ ఉంటుంది. ఎవరిని పిలవాలి, దినకూలికి ఒప్పుకోవాలా గుత్తకు ఒప్పుకోవాలా, సాళ్ళు ఎట్లా పంచాలి, పసిబిడ్డ తల్లిని ఏ చెట్టునీడకు దగ్గరగా నిలపాలి, ఇద్దరికి మాటపట్టింపు వస్తే ఎట్లా సర్దాలి - ఇదంతా ఆ మేస్త్రీ తలలోనే ఉంటుంది. ఆమె ఏ కాలేజీ గడపా తొక్కలేదు. అటువంటి పనినే ఈనాడు యూనివర్సిటీలో రెండేళ్ళపాటు చదివి పట్టా పుచ్చుకుంటున్నారంటే మన పెద్దవాళ్ళకు నవ్వు రావడంలో వింత లేదు. "మనుషులచేత పని చేయించడానికి చదువెందుకయ్యా?" అంటారు.

ఆ చదువు పేరు మానవ వనరుల నిర్వహణ. కుర్రకారు దాన్ని ముద్దుగా 'హెచ్చార్' అంటారు. బి.ఏ., బి.కాం., బి.ఎస్సీ. ఏదైనా ప్యాసై, ఐసెట్ పరీక్ష రాసి ఎం.బి.ఏ.లో చేరి, రెండో ఏట ఈ శాఖను ఎన్నుకోవడం మామూలు దారి. మనవాళ్ళకు ఇది మరీ కొత్త కూడా కాదు. వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1957లోనే ఎం.బి.ఏ. ప్రారంభించింది. అనంతపురంలో 1968లో తిరుపతి విశ్వవిద్యాలయపు పి.జి. కేంద్రంగా మొదలైన సంస్థ 1981లో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయమైంది. బెళుగుప్ప పిల్లలకు అది ఇంటి ముంగిటి విద్యాలయమే.

ఇంతకూ అక్కడ ఏమి చెబుతారు? మనుషులను ఎంచుకోవడం, తర్ఫీదు ఇవ్వడం, జీతం కట్టడం, పనిని బేరీజు వేయడం, తగవులు తీర్చడం, కార్మిక చట్టాలు - ఇవీ పాఠాలు. పైకి పొడిగా కనిపించినా వీటి వెనుక మంచి కథలున్నాయి.

దినకూలి, గుత్త అన్న రెండు మాటలనే చూడండి. అమెరికాలో టేలర్ అనే ఇంజనీరు 1899లో బెత్లెహేం ఉక్కు కర్మాగారంలో ఈ లెక్కే వేశాడు. రోజుకు పన్నెండున్నర టన్నుల ఇనుప దిమ్మెలు మోసే కూలీచేత, ఎప్పుడు ఎత్తాలో ఎప్పుడు కూర్చోవాలో గడియారం పట్టుకుని చెప్పి, నలభై ఏడున్నర టన్నులు మోయించానని 1911లో అచ్చయిన తన పుస్తకంలో రాసుకున్నాడు. కూలి మాత్రం 1 డాలరు 15 సెంట్ల నుంచి 1 డాలరు 85 సెంట్లకు పెరిగింది. బరువు దాదాపు నాలుగింతలు, కూలి రెండింతలు కూడా కాలేదు! ఈ లెక్క చెబితే మన మేస్త్రీ ముక్కున వేలేసుకుంటుంది.

తరువాత 1924 మొదలు 1932 దాకా షికాగో దగ్గర హాథార్న్ ఫ్యాక్టరీలో మరో తమాషా జరిగింది. దీపాల వెలుతురు పెంచితే పని పెరుగుతుందేమోనని చూశారు. పెరిగింది. తగ్గించి చూశారు. అయినా పని తగ్గలేదు! తమను ఎవరో పట్టించుకుంటున్నారని, తమ మాట వింటున్నారని తోచడమే దీనికి కారణమని ఎల్టన్ మేయో వంటి పండితులు తేల్చారు. ఆ లెక్కల్లో లోపాలున్నాయని తరువాతివారు వాదించారు గాని, కూలితోపాటు పలకరింపుకూ విలువ ఉన్నదన్న సంగతి మాత్రం పుస్తకాల్లో నిలిచిపోయింది.

ఇక మన దేశపు కథ మరీ ఆసక్తికరమైనది. పూర్వం మిల్లుల్లో పని కావాలంటే దొరగారి దగ్గరకు పోనక్కరలేదు, మేస్త్రీ దయ ఉంటే చాలు. బొంబాయిలో జాబర్ అన్నా, మద్రాసు వైపు మేస్త్రీ అన్నా మనిషి ఒకడే. పనిలో పెట్టించేదీ అతడే, ఊడబెరికించేదీ అతడే. ఆ దయకు మామూలు చెల్లించుకోవాలి. 1929లో నియమించిన విట్లీ కమిషన్ దేశమంతా తిరిగి 1931లో నివేదిక ఇస్తూ, ఈ లంచాల పీడ వదలాలంటే పనివాళ్ళను తీసుకునే అధికారం మేస్త్రీ చేతినుంచి తప్పించి, చదువుకున్న లేబర్ ఆఫీసరుకు ఇవ్వాలని చెప్పింది. అంటే ఈనాటి హెచ్చార్ మేనేజరు పుట్టుకే మేస్త్రీ దౌర్జన్యానికి విరుగుడుగా జరిగిందన్నమాట!

విరుగుడు తయారు కావాలంటే బడి కావాలి గదా. 1936లో బొంబాయిలో టాటావారి సాంఘిక సేవా విద్యాలయం, 1949లో జంషెడ్‌పూరులో క్సేవియర్ విద్యాసంస్థ వెలిశాయి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 500 మందికి తక్కువ కాకుండా పనివాళ్ళున్న ప్రతి ఫ్యాక్టరీలోనూ సంక్షేమాధికారి ఉండి తీరాలన్నది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన కొత్త కోడు ఆ సంఖ్యను 250కి దించింది. చదువు వెనుక ఇట్లా చట్టం నిలబడి ఉన్నది.

ఈ రంగంలో తెలుగువారి చేయి చిన్నదేమీ కాదు. రైల్వే కార్మికుల నాయకుడు వి. వి. గిరి కేంద్రంలో కార్మిక మంత్రి అయినాక, బ్యాంకు ఉద్యోగుల విషయంలో ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం మార్చినందుకు 1954లో పదవినే వదులుకున్నారు. యజమానీ కార్మికుడూ ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవడమే ఉత్తమమని ఆయన మతం. ఆయన పేరనే నోయిడాలో జాతీయ కార్మిక విద్యాసంస్థ ఉన్నది. ఆచార్య టి. వి. రావు, ఉదయ్ పరీక్ గారితో కలిసి 1974-75లో లార్సెన్ అండ్ టూబ్రో కంపెనీకి మానవ వనరుల అభివృద్ధి విభాగం రూపురేఖలు దిద్దారు. 1985లో కేంద్ర విద్యాశాఖ పేరే మానవ వనరుల అభివృద్ధి శాఖగా మారినప్పుడు దానికి తొలి మంత్రి మన పి. వి. నరసింహారావు గారు. 2020లో ఆ శాఖ మళ్ళీ పాత పేరుకు వచ్చేసిందనుకోండి.

చరిత్ర బాగానే ఉన్నది. కాని బెళుగుప్ప తట్టు రైతు ఒకాయన, కొడుకు అడ్మిషను సంగతి మాట్లాడుతూ నన్నొక మాట అడిగాడు: "సారూ, మావాడు అదేందో హెచ్చార్ అంటాండాడు. అది చదివితే కంపినీకి మేలా, కూలోళ్ళకు మేలా?"

ఇంతకన్న సూటి ప్రశ్న పరీక్షపత్రంలో కూడా రాదు. వాన మొగం చాటేసిన ఏడు ఈ మెట్టనుంచి ఎందరో బెంగుళూరుకు వలసపోతారు. కట్టడాల దగ్గర, కాంట్రాక్టర్ల కింద పేర్లు రాయించుకుంటారు. ఆ పేర్లున్న రిజిస్టరు మీద సంతకం పెట్టే కుర్చీలో రేపు ఈ రైతు కొడుకే కూర్చోవచ్చు. 2019లో పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీ ఉత్పత్తి మొదలుపెట్టింది. ఇటువంటివి వచ్చినకొద్దీ ఆ కుర్చీలు మన దగ్గరే వెలుస్తాయి. బల్లకు ఇవతల తాను, అవతల తన ఊరివాడు. జీతమిచ్చేది కంపెనీ. ఎదుట నిలబడ్డవాడు మేనమామ వరుస. ఈ ఇరకాటానికి పుస్తకంలో జవాబు వెతికితే దొరకదు.

అయినా దారి లేకపోలేదు. మన జిల్లాలోనే నార్పల మండలం బండ్లపల్లిలో 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకం ఆరంభమైంది. ఆ పథకంలో కూలి డబ్బు మధ్యవాళ్ళ చేతికి పోకుండా కూలీ పేరనున్న ఖాతాకు చేరాలన్నారు. మస్టరు లెక్కలు ఊరిసభలో అందరూ వినేటట్లు చదివారు. మంచి మేస్త్రీ దొరికితే అదృష్టం, చెడ్డవాడు దొరికితే ఖర్మం అనుకునే రోజులు పోయి, ఎవరున్నా సరే లెక్క తప్పకుండా ఉండే ఏర్పాటు అన్నమాట. హెచ్చార్ చదువు సారం ఇదే. అయినవాడికి ఆకుల్లోనూ కానివాడికి కంచాల్లోనూ వడ్డించకుండా, అందరికీ ఒకే నియమం పెట్టి దానిని బాహాటంగా చెప్పడం. మేనమామకైనా ఆ నియమమే. అది కంపెనీకీ మేలు, కూలివాడికీ మేలు.

తెలుగు మేష్టర్ని కనుక మాటల సంగతి చెప్పకుండా ఉండలేను. 1946 నాటి స్టాండింగ్ ఆర్డర్ల చట్టం, ఫ్యాక్టరీ నియమాలను ఇంగ్లీషులోనే కాక, ఎక్కువమంది పనివాళ్ళకు అర్థమయ్యే భాషలో కూడా బోర్డు మీద పెట్టాలన్నది. ఎంత తెలివైన మాట! ఎందరో పనివాళ్ళు చదవలేని కాగితం మీద సంతకం పెడతారు. ఆ కాగితాన్ని వాళ్ళ తెలుగులో, సరిహద్దు ఊళ్ళవాళ్ళకు కన్నడంలో, విడమరచి చెప్పగల ఆఫీసరు కావాలి. బెళుగుప్ప పిల్లవాడు ఇంగ్లీషు రాదని బెంగపెట్టుకుంటాడు. ఇంగ్లీషు రెండేళ్ళలో పట్టుబడుతుంది. ఊరి మాట మాత్రం ఏ సిలబసులోనూ లేదు. దాన్ని పోగొట్టుకోకుండా ఉంటే చాలు.

ఇంకొక మాట. 'వనరు' అనగానే మన మెట్టప్రాంతం వారికి నీరు గుర్తుకు వస్తుంది. బోరు వేసి తోడుతూ పోతే ఏమవుతుందో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఒక ఏడు పారుతుంది, మరుసటేడు గాలి వస్తుంది. మనిషీ అంతే. మనిషిని వనరు అన్న పట్నపు పండితులకు ఈ సంగతి తోచిందో లేదో గాని, బెళుగుప్ప పిల్లలకు పుట్టుకతోనే తెలుసు.

కనుక తల్లిదండ్రులకు నా మనవి ఒక్కటే. పిల్లవాడో పిల్లో ఈ చదువు చదువుతానంటే వద్దనకండి. ఏసీ గదిలో కూర్చుని జనం మీద పెత్తనం చేయవచ్చునన్న సరదాతో అంటున్నారేమో మాత్రం కనుక్కోండి. చేరిన కాలేజీలో కార్మిక చట్టాలు ఒళ్ళు వంచి చెబుతారా, ఫ్యాక్టరీకి పంపి నిజంగా పని చూపిస్తారా అని విచారించండి. మొదటి ఉద్యోగంలో జీతం కొంచెంగానూ, హాజరు పట్టీలు, ప్రావిడెంటు ఫండు కాగితాలు ఎక్కువగానూ ఉంటాయని ముందే చెప్పండి. ఆ కాగితాల్లో ఒక్క అంకె తప్పినా ఎవరి ఇంట్లోనో ఆ నెల పొయ్యి మీద తేడా వస్తుందని కూడా చెప్పండి. అది తలకెక్కితే, ఆ బిడ్డ చదువుకు పెట్టిన డబ్బు వృథా పోదు.