కర్ర కన్నా తాయిలం మేలు

కుక్క కాటుతో మా ఆసుపత్రికి వచ్చేవారిని "ఏ కుక్క కరిచింది?" అని అడుగుతాం. అందరూ వీధి కుక్క పేరే చెబుతారని మీరు అనుకోవచ్చు. కాని "మా ఇంటి కుక్కేనమ్మా", "పక్కింటివాళ్ళదేనండీ, రోజూ ఆడుకునేదే" అని తల వంచుకుని చెప్పే తల్లిదండ్రులు కూడా తక్కువేమీ కాదు. డ్రెస్సింగ్ గదిలో ఎన్నోసార్లు ఆ మాట విన్న నేను, ఒకరోజు నా బిడ్డను తీసుకువచ్చి అదే మాట చెప్పవలసి వచ్చింది.

మా టామీ తెల్లటి పొమేరియన్. అప్పటికి దానికి రెండేళ్ళు. దొరికిన వస్తువు నోట కరుచుకుని మంచం కింద దూరడం దాని అలవాటు. ఒకరోజు చెప్పు, ఒకరోజు మేజోడు, మరొకరోజు మా అబ్బాయి రబ్బరు బంతి. మావారు పేపరు చుట్టి దానితో ఒకటి వేసి, వస్తువు లాక్కునేవారు. నేనూ కొట్టాను, అబద్ధమెందుకు చెప్పాలి. కొన్నాళ్ళకు అది మంచం కిందినుంచి గుర్రుమనడం మొదలుపెట్టింది. "అన్నం పెట్టే చేతినే కరుస్తావా?" అని ఇంకో రెండు దెబ్బలు పడ్డాయి. నెల తిరగకముందే గుర్రుమనడం మానేసింది. దారికి వచ్చిందనుకుని సంతోషించాం.

ఒక ఆదివారం సాయంత్రం, ఆరేళ్ళ మా అబ్బాయి బంతి కోసం మంచం కింద చెయ్యి పెట్టాడు. చిన్న చప్పుడు కూడా రాలేదు. వాడు కేక పెట్టి చెయ్యి లాక్కునేసరికి ముంజేతి మీద నాలుగు పంటిగాట్లు, రక్తం.

కుళాయి కింద సబ్బుతో కడిగి వాడిని ఆసుపత్రికి తీసుకువెళ్ళాం. ఇంటికి వచ్చాక అత్తయ్యగారు "ఈ కుక్క మనకొద్దు, ఊరవతల వదిలేసి రండి" అన్నారు. ఆమెను తప్పుపట్టలేను. కాని కరిచిన కుక్కను పది రోజులు కళ్ళముందే ఉంచి గమనించాలి. ఆ పది రోజుల్లో టామీని పశువైద్యుని దగ్గరకు తీసుకువెళ్ళాం. ఆయన దాని చెవులు, పళ్ళు, కాళ్ళు అన్నీ చూశారు. నొప్పి వల్ల కూడా కుక్కలు కరుస్తాయట. అలాంటిదేమీ లేదని తేలాక, ఇంట్లో జరిగిందంతా అడిగి తెలుసుకుని ఒకటే మాట అన్నారు: "మీరు గుర్రుమనడం మాన్పించారు. భయం మాన్పించలేదు."

గుర్రుమనడం ఒక హెచ్చరిక

కుక్కకు మాటలు రావు. ఇష్టం లేనప్పుడు అది ముందుగా మొహం పక్కకు తిప్పుకుంటుంది, పెదవులు నాక్కుంటుంది, ఆవులిస్తుంది, చెవులు వెనక్కి పెడుతుంది, ఒళ్ళు బిగబట్టి కదలకుండా ఉంటుంది. మనం గమనించకపోతే గుర్రుమంటుంది. "దూరంగా ఉండు, నాకు భయంగా ఉంది" అని దాని అర్థం. అప్పుడు కొడితే భయం పోదు. హెచ్చరిస్తే దెబ్బలు పడతాయని మాత్రం అది నేర్చుకుంటుంది. తరువాత హెచ్చరిక లేకుండానే కరవవచ్చు. మీ కుక్క గుర్రుమంటే కొట్టకండి, వెనక్కి జరగండి. దేనికి గుర్రుమన్నదో గుర్తుంచుకోండి. మీరు దిద్దవలసింది అక్కడే.

కుక్క ఎలా నేర్చుకుంటుంది?

ఇది కొత్తగా పుట్టిన ముచ్చట కాదు. తిండి వస్తుందని తెలిపే చప్పుడు వినగానే, తిండి కనబడకముందే కుక్కలకు నోరూరుతుందని రష్యా శాస్త్రవేత్త ఇవాన్ పావ్‌లోవ్ నూరేళ్ళకు పైగా క్రితమే చూపించారు. అమెరికాలో ఎడ్వర్డ్ థార్న్‌డైక్ పిల్లులను గడియ ఉన్న పెట్టెల్లో ఉంచి పరిశీలించారు. ఏ పని చేస్తే మంచి ఫలితం వచ్చిందో జంతువు ఆ పనినే మళ్ళీ చేస్తుందని 1898లో రాశారు. ఆ తరువాత బి.ఎఫ్. స్కిన్నర్ ఈ విషయాన్ని మరింత లోతుగా పరిశోధించారు.

కారెన్ ప్రయర్ అనే ఆమె 1960లలో హవాయి దీవుల్లో డాల్ఫిన్లకు విన్యాసాలు నేర్పారు. నీళ్ళలో ఈదే డాల్ఫిన్‌కు మెడపట్టీ వేయలేం, కర్రతో కొట్టలేం. నచ్చకపోతే అది ఈదుకుంటూ దూరంగా పోతుంది. కాబట్టి సరైన పని చేసిన క్షణంలోనే ఈల ఊది, వెంటనే చేప ముక్క ఇచ్చేవారు. అదే పద్ధతి తరువాత కుక్కల శిక్షణలోకి వచ్చింది.

దెబ్బలతోనూ కుక్క కొన్ని పనులు నేర్చుకుంటుంది, కాదనలేం. కాని దానికి మూల్యం ఉంది. పోర్చుగల్‌లో 92 పెంపుడు కుక్కలపై జరిపిన ఒక పరిశోధన 2020లో ప్రచురితమైంది. మందలింపు, గొలుసు గుంజడం వంటి పద్ధతులు ఎక్కువగా వాడిన చోట, శిక్షణ తరువాత కుక్కల లాలాజలంలో ఒత్తిడిని సూచించే కార్టిసోల్ పెరిగింది. బహుమానంతో నేర్పిన కుక్కల్లో అలా పెరగలేదు. జంతు ప్రవర్తనపై పనిచేసే అమెరికా పశువైద్యుల సంఘం కూడా అన్ని కుక్కలకూ బహుమాన పద్ధతినే సిఫారసు చేస్తూ 2021లో ప్రకటన చేసింది.

ఇంట్లో మొదలుపెట్టడం ఇలా

1. ముందుగా ఒక మెచ్చుకోలు మాట ఎంచుకోండి. మేము "శభాష్" అనే మాట పెట్టుకున్నాం. చిటిక వేసినా సరే. "శభాష్" అని వెంటనే ఒక చిన్న తాయిలం ఇవ్వండి. పది పదిహేనుసార్లు ఇలా చేస్తే, ఆ మాట వినగానే కుక్క మీ చేతివైపు చూస్తుంది.

2. తరువాత "కూర్చో" నేర్పండి. తాయిలాన్ని దాని ముక్కు దగ్గర పట్టుకుని మెల్లగా తల పైనుంచి వెనక్కి జరపండి. తల పైకెత్తేసరికి నడుము దానంతటదే కిందికి దిగుతుంది. నేలకు తగిలిన క్షణంలో "శభాష్" అని తాయిలం ఇవ్వండి. వీపు మీద నొక్కకండి.

3. ఆలస్యం చేయకండి. కూర్చుని లేచాక ఇస్తే, లేచినందుకే ఇచ్చారని అది అనుకుంటుంది.

4. ఒక్కోసారి మూడు నుంచి ఐదు నిమిషాలు చాలు. రోజుకు రెండు మూడుసార్లు చేయండి. అది విసుగు చెందకముందే ఆపండి.

5. ఇంట్లో అందరూ ఒకే మాట వాడండి. ఒకరు "కూర్చో", ఒకరు "సిట్", ఇంకొకరు "ఏయ్, కింద" అంటే పాపం దానికి ఏం తెలుస్తుంది?

6. నేర్చుకున్నాక ప్రతిసారీ తాయిలం అక్కరలేదు. అప్పుడప్పుడు ఇస్తూ, మిగతాసార్లు మెచ్చుకోండి, నిమరండి, బంతి విసరండి.

మీద ఎగబడే కుక్కను మోకాలితో తన్నవద్దు. అటు తిరిగి నిలబడండి. నాలుగు కాళ్ళూ నేలమీద పెట్టగానే పలకరించండి. ఎగబడితే ఏమీ దొరకదని, నిలబడితే పలకరింపు దొరుకుతుందని కొద్దిరోజుల్లోనే గ్రహిస్తుంది.

"ఇచ్చెయ్" ఆట

మా ఇంటిని నిలబెట్టింది ఈ ఆటే. వస్తువు లాక్కుంటారనే భయమే టామీ చేత కరిపించింది. అందుకని లాక్కోవడం మానేసి, మార్చుకోవడం మొదలుపెట్టాం. ముందు దానికి అంతగా ఇష్టంలేని ఒక గుడ్డముక్క ఇచ్చాం. నోట్లో ఉండగా ఉడికించిన కోడిమాంసం ముక్క ముక్కు దగ్గర చూపాం. గుడ్డ వదిలిన క్షణంలో "శభాష్" అని ముక్క ఇచ్చాం. తరువాత ఆ గుడ్డ కూడా తిరిగి ఇచ్చేశాం. ఈ చివరి పని ముఖ్యం. ఇస్తే పోతుందనే భయం దానివల్లనే పోతుంది. వారం తరువాత, ముక్క చూపకముందే "ఇచ్చెయ్" అనడం మొదలుపెట్టాం. ఆ పైన చెప్పు, చివరిగా బంతి.

మొదటి రెండు నెలలూ ఇది పెద్దవాళ్ళమే చేశాం. అబ్బాయిని, టామీని ఒంటరిగా ఒకచోట ఉంచలేదు. మంచం కిందికి దూరకుండా అటూ ఇటూ ట్రంకు పెట్టెలు అడ్డం పెట్టాం. మీ కుక్క ఇప్పటికే ఎవరినైనా కరిచి ఉంటే, సొంత ప్రయోగాలు చేయకుండా ముందు పశువైద్యునికి చూపించండి.

ఏమి పెట్టవచ్చు, ఏమి పెట్టకూడదు

తాయిలం శనగగింజంత ఉంటే చాలు. ఉప్పు, కారం, మసాలా లేకుండా ఉడికించిన కోడిమాంసం, కోడిగుడ్డు, క్యారెట్ ముక్క, చిన్న చపాతీ తునక సరిపోతాయి. తాయిలాలు ఇచ్చిన రోజు అన్నం కొంచెం తగ్గించండి, లేకపోతే ఒళ్ళు పెరుగుతుంది.

చాక్లెట్, ద్రాక్ష, ఎండుద్రాక్ష, ఉల్లిపాయ, వెల్లుల్లి కుక్కలకు హాని చేస్తాయి. క్రిస్మస్ నాడు ప్రేమకొద్దీ కేకు ముక్క, పలావు పెట్టే ఇళ్ళు చాలా ఉన్నాయి. కేకులో ఎండుద్రాక్ష, పలావులో ఉల్లిపాయ ఉంటాయని గుర్తుంచుకోండి. ఉడికిన ఎముకలు విరిగి గొంతులో, పేగుల్లో గుచ్చుకోవచ్చు.

పిల్లలకు నేర్పవలసినవి

కుక్కకు నేర్పితే సరిపోదు, పిల్లలకూ నేర్పాలి. కుక్క తింటున్నప్పుడు, నిద్రపోతున్నప్పుడు, పిల్లలకు పాలిస్తున్నప్పుడు దాని దగ్గరకు వెళ్ళకూడదు. మెడ చుట్టూ చేతులు వేసి వాటేసుకోకూడదు, తోక లాగకూడదు. దాక్కున్న కుక్కను బయటికి లాగకూడదు. తెలియని కుక్క దగ్గరకు వస్తే పరుగెత్తకుండా, చేతులు దగ్గరగా పెట్టుకుని, నేలవైపు చూస్తూ చెట్టులా కదలకుండా నిలబడాలి. చిన్నపిల్లల మొహం కుక్క నోటికి అందేంత ఎత్తులో ఉంటుంది. అందుకే వారికి తల, మొహం మీద గాయాలు ఎక్కువ. ఎంత మంచి కుక్కయినా పసిపిల్లలతో ఒంటరిగా వదలకండి.

ఒకవేళ కరిస్తే

• వెంటనే గాయాన్ని పారే నీళ్ళ కింద సబ్బుతో 15 నిమిషాలు కడగండి. గడియారం చూసి కడగండి.

• కారం, పసుపు, సున్నం, కాఫీపొడి, ఆకుపసరు ఏదీ పెట్టకండి. గట్టిగా కట్టు కట్టకండి.

• అదే రోజు ఆసుపత్రికి రండి. పెంపుడు కుక్కే కదా, టీకా వేయించాం కదా అని ఊరుకోకండి. మా టామీకి ఏటా టీకా వేయిస్తున్నా, మా అబ్బాయికి చికిత్స మొదలుపెట్టారు. రేబీస్ లక్షణాలు ఒకసారి బయటపడ్డాక ప్రాణం దక్కడం దాదాపు అసాధ్యం. ముందుగా వేసే టీకాయే కాపాడుతుంది.

• బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు అనే భయం వద్దు. ఆ సూదులు మన దేశంలో ఎప్పుడో ఆగిపోయాయి. ఇప్పుడు చేతికే వేస్తారు. చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో మొదటిరోజు, తరువాత 3, 7, 28వ రోజుల్లో వేస్తారు. రక్తం వచ్చిన గాయమైతే గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా ఇస్తారు. నొప్పి తగ్గిందని మధ్యలో మానేయకండి.

• కరిచిన పెంపుడు కుక్కను చంపకండి, తరిమేయకండి. పది రోజులు కట్టి ఉంచి గమనించండి. జబ్బుపడినా, చనిపోయినా, కనబడకుండా పోయినా వెంటనే డాక్టరుకు చెప్పండి.

కుక్కపిల్లకు మూడు నెలల వయసులో రేబీస్ టీకా వేయించి, తరువాత పశువైద్యుడు చెప్పిన ప్రకారం ఏటా వేయించండి. నిమిరి, తాయిలం పెట్టి, నోరు, చెవులు, పాదాలు ముట్టుకోనివ్వడం చిన్నప్పుడే అలవాటు చేస్తే టీకా రోజున పెనుగులాట ఉండదు.

ఇప్పుడు మా ఇంట్లో

అబ్బాయి చేతిమీద మచ్చలు మిగిలాయి. ఆ పది రోజులు గడిచాయి, టామీ ఆరోగ్యంగానే ఉంది, మా ఇంట్లోనే ఉండిపోయింది. మావారు పేపరు చదవడానికి మాత్రమే వాడుతున్నారు. మొన్న అత్తయ్యగారి కళ్ళజోడు గూడు కనబడలేదు. వెతుకుతుంటే టామీ దాన్ని నోట పట్టుకుని వచ్చి, ఆమె కాళ్ళ దగ్గర పెట్టి, ఎదురుగా కూర్చుని మొహంలోకి చూసింది. ఊరవతల వదిలేయమన్న మనిషే, "శభాష్" అని కొంగుముడి విప్పి చపాతీ తునక తీసి ఇచ్చారు. అది ఆ కొంగులోకి ఎప్పుడు చేరిందో మేమెవరం అడగలేదు.