టేబుల్ టెన్నిస్‌లో ప్రత్యర్థి బలహీనతలను గుర్తించడం

టేబుల్ టెన్నిస్ క్రీడలో ఎదుటి ఆటగాడు ఎటువంటి బంతికి, ఏ స్థానంలో, ఏ సందర్భంలో తడబడుతున్నాడో పరిశీలించి, అందుకు తగినట్లుగా తన ఆటను మలచుకోవడాన్ని ప్రత్యర్థి బలహీనతలను గుర్తించడం అంటారు. ఈ క్రీడలో బల్ల పొడవు 2.74 మీటర్లు మాత్రమే. బంతి ఒక కొస నుండి మరొక కొసకు చేరడానికి సెకనులో కొంత భాగమే పడుతుంది. ఆ వ్యవధిలో కొత్తగా ఆలోచించి నిర్ణయం తీసుకోవడం కష్టం. కనుక అంతకు ముందు చేసిన పరిశీలనే ఆటగాడికి ఆధారమవుతుంది.

బ్యాటు పరిశీలన

నియమాల ప్రకారం ఆట ఆరంభానికి ముందు ఆటగాళ్ళు తమ బ్యాటును ప్రత్యర్థికి, అంపైరుకు చూపించాలి. నునుపైన రబ్బరు బంతికి ఎక్కువ స్పిన్ ఇస్తుంది. పొడవైన బుడిపెలున్న రబ్బరు మనం ఇచ్చిన స్పిన్‌నే తిరిగి మనపైకి పంపుతుంది: టాప్‌స్పిన్ కొడితే బంతి బ్యాక్‌స్పిన్‌తో తిరిగి వస్తుంది. రెండు వైపుల రబ్బర్లు వేరు వేరు రంగులలో ఉండాలి కనుక ఏ వైపుతో కొట్టారో రంగును బట్టి తెలుస్తుంది. కర్నూలు, కడప వంటి పొడి ప్రాంతాలలో రబ్బరుపై దుమ్ము చేరితే పట్టు తగ్గుతుంది. అటువంటి బ్యాటు నుండి వచ్చే బంతిలో స్పిన్ అనుకున్నదానికంటే తక్కువగా ఉంటుంది.

సాధారణంగా కనిపించే బలహీనతలు

* మోచేయి: బ్యాటు పట్టిన చేతి మోచేతి వైపుకు వచ్చిన బంతిని ఫోర్‌హ్యాండ్‌తో కొట్టాలా, బ్యాక్‌హ్యాండ్‌తో కొట్టాలా అనే సందిగ్ధం కలుగుతుంది. మంచి ఆటగాళ్ళు సైతం ఇక్కడ ఆలస్యం చేస్తారు.
* ఖాళీ స్థలం: బ్యాక్‌హ్యాండ్ మూలకు జరిగి ఫోర్‌హ్యాండ్‌తో కొట్టే అలవాటున్నవారికి రెండవ మూల ఖాళీగా మిగులుతుంది.
* స్పిన్: ఒకే విధమైన చేతి కదలికతో ఒకసారి బ్యాక్‌స్పిన్, మరొకసారి స్పిన్ లేని సర్వీసు చేస్తే, గుర్తించలేనివారు మొదటిదాన్ని నెట్‌కు, రెండవదాన్ని ఎత్తుగా కొడతారు.

పరీక్షించే విధానం

2001 నుండి ఒక్కొక్క గేము 11 పాయింట్లకు జరుగుతున్నది. సర్వీసు రెండేసి పాయింట్లకు మారుతుంది. అందువలన పరీక్షించడానికి లభించే అవకాశాలు పరిమితం. ఒకసారి జరిగిన తప్పును బలహీనతగా భావించరాదు. అదే బంతిని వేర్వేరు స్కోర్ల వద్ద రెండు మూడు సార్లు ఇచ్చి చూడాలి. ప్రత్యర్థి పాయింటు ఎందుకు పోగొట్టుకున్నాడో (ఆలస్యమా, స్పిన్ తెలియకపోవడమా, అడుగులు కదలకపోవడమా) గమనించడం పాయింటు లెక్క కంటే ముఖ్యం.

ఉదాహరణలు

హైదరాబాదుకు చెందిన ఆకుల శ్రీజ బ్యాక్‌హ్యాండ్ వైపు బుడిపెల రబ్బరు వాడే క్రీడాకారిణి. 2024 ఫిబ్రవరిలో దక్షిణ కొరియాలోని బుసాన్‌లో జరిగిన ప్రపంచ టీమ్ ఛాంపియన్‌షిప్‌లో ఆమె చైనాకు చెందిన వాంగ్ యిదీపై 3-0 తేడాతో గెలిచింది. అదే పోటీలో ఐహిక ముఖర్జీ అప్పటి ప్రపంచ ప్రథమ ర్యాంకు క్రీడాకారిణి సున్ యింగ్‌షాను ఓడించింది. అలవాటు లేని రబ్బరు నుండి వచ్చే బంతి మేటి క్రీడాకారిణులను సైతం ఇబ్బంది పెట్టగలదు. అయినప్పటికీ ఆ పోటీలో చైనా 3-2తో గెలిచింది.

పరిమితులు

ప్రత్యర్థి కూడా అదే సమయంలో పరిశీలిస్తూ ఉంటారు. 2024 జూలై 31న పారిస్ ఒలింపిక్స్‌లో సున్ యింగ్‌షా చేతిలో శ్రీజ 10-12, 10-12, 8-11, 3-11 స్కోరుతో ఓడిపోయింది. మొదటి రెండు గేములు హోరాహోరీగా సాగగా, తరువాత అంతరం పెరిగింది. ఒకే బలహీనతపై పదేపదే బంతి వేస్తే, అది ప్రత్యర్థికి సాధనగా మారుతుంది. కనుక అనుభవజ్ఞులు తాము కనుగొన్నదాన్ని అవసరమైనప్పుడు మాత్రమే వాడి, గేము చివరి పాయింట్ల కొరకు కొంత దాచి ఉంచుతారు.